బాణీ ఎవరిది?

పదిహేనేళ్ళ పిల్లలు సొంతంగా పాట కట్టుకోవడానికి సాయపడే యాప్ ఒకటి హైదరాబాదులో తయారవుతున్నది. తయారు చేస్తున్నవాళ్ళు నా దగ్గర ఇంటర్మీడియెట్‌లో తెలుగు చదువుకుని, పిమ్మట ఇంజనీరింగులో చేరి, ఆ తెలుగును క్షేమంగా మరచిపోయిన ముగ్గురు కుర్రవాళ్ళు. రెండు గదుల ఆఫీసు, నాలుగు కంప్యూటర్లు, ఒక వీణ. వీణ వాయించడం ముగ్గురిలో ఎవరికీ రాదు. దాని నాదం పట్టి యంత్రంలో పెట్టడానికి అద్దెకు తెచ్చారట. వాళ్ళకి నాతో పడిన పని బహు చిన్నది. తెర మీద మీటలకు తెలుగు పేర్లు కావాలి. "ఇరవై మాటలు మాస్టారూ, అంతే!" అన్నారు. ఆ ఇరవై మాటలకూ ఆరు నెలలు పట్టింది.

మొదటి మీట దగ్గరే ఆగిపోయాం. ఇంగ్లీషులో దాన్ని కంపోజ్ అంటారు. "స్వరరచన" అని రాసుకు వచ్చాడు ఒకడు. లక్షణమైన మాటే, కాని పదోక్లాసు పిల్ల దాన్ని చూస్తే పరీక్ష పేపరనుకుని ఫోను పక్కన పెట్టేస్తుంది. మనవాళ్ళు ఇల్లు కట్టినా, చీర కట్టినా, పూలదండ కట్టినా, పాట కట్టినా మాట ఒకటే. కనుక "కట్టు" అన్నాను. ఇంతకు ముందు చేసిన పని వెనక్కి తీసుకునే మీట ఉంటుంది చూశారూ, దానికి "రద్దు" అని పెట్టారు. రద్దు కోర్టులో ఉంటుంది, రైళ్ళకు ఉంటుంది, పాటలో ఎందుకు? "వెనక్కి" చాలునన్నాను. ఇలా ఒక్కొక్క పేరూ పెట్టాలంటే ఆ మీట ఏం చేస్తుందో నాకు తెలియాలి గదా? అది అడగబోతే, వాళ్ళకూ అంతగా తెలియదని తేలేది. ఆరు నెలలు అందుకు పట్టాయి.

అసలు చిక్కు ఇది. పిల్ల చేతికి ఏమిద్దాం? ఒక్కొక్క స్వరమా, తయారైన ముక్కలా? 2004లో ఆపిల్ కంపెనీ గరాజ్‌బ్యాండ్ అనేది తెచ్చినప్పుడు వెయ్యికి పైచిలుకు వాద్యపు ముక్కలు అందులోనే పెట్టి ఇచ్చింది. దేని పక్కన ఏది పెట్టినా వినడానికి ఇంపుగానే ఉంటుంది. ఇంపుగా ఉండేట్టు ముందే ఎవరో అమర్చి పెట్టారు. హోటల్లో మీల్స్ టిక్కెట్టు కొని వంట చేశాననుకున్నట్టన్నమాట. పోనీ విడి స్వరాలే ఇద్దామా? పన్నెండు మెట్లు ముందు పెట్టి "కానీ" అంటే, సంగీతం నేర్చుకోని పిల్ల నాలుగు మెట్లు నొక్కి, పిల్లి నడిచినట్టుందని మూసేస్తుంది.

దీనికి విరుగుడు ఆలోచించిన ఒక విదుషి కథ నాకు బాగా నచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జీన్ బాంబర్గర్ అని ఉండేవారు. పియానో విద్వాంసురాలు. పిల్లల కోసం 1967లో లోగో అనే కంప్యూటరు భాష పుట్టింది. దాని వరవడిలో ఆవిడ సంగీతానికి కూడా ఒక ఆటస్థలం కట్టారు. ఆ దారినే నడిచి "ఇంప్రాంప్టు" అనే సాఫ్ట్‌వేరూ, దానితోపాటు చదువుకునే పుస్తకమూ 2000లో వచ్చాయి. ఆవిడ గమనించిందేమిటంటే, సంగీతం రానివాళ్ళు కూడా బాణీని స్వరాలుగా వినరు. చిన్న చిన్న పలుకుబళ్ళుగా వింటారు. కాబట్టి ఆ పలుకుబళ్ళే చేతికిచ్చి, వరస మార్చుకో, ఏది ముందో ఏది ఆఖరో తేల్చుకో అన్నారు. ఆ ముక్క మూసిన డబ్బా కాదు. కావలిస్తే తెరిచి, లోపలి స్వరాలు చూసి, ఒకటి మార్చుకోవచ్చు. గరాజ్‌బ్యాండు ముక్కకూ దీనికీ తేడా అక్కడున్నది.

తెలుగు మాస్టారికి ఇది కొత్తగా అనిపించలేదు. పద్యం రాయడం నేర్పేటప్పుడు గురువూ లఘువూ విడివిడిగా ఎన్నాళ్ళు గుణించినా పద్యం రాదు. నాలుగు పద్యాలు నోటికి వచ్చి, గణాల నడక చెవిలో పడ్డాకనే వస్తుంది. రాగమూ అంతే. మోహనంలో ఉండే అయిదు స్వరాలు చెప్పినంతలో మోహనం రాదు. నాలుగు సంచారాలు వినిపిస్తే, వినేవాడు అయిదోది తనే అనబోతాడు. "అయితే సంచారాలే ముక్కలుగా పెడతాం మాస్టారూ" అన్నారు కుర్రాళ్ళు. పెట్టారు.

మోహనంతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ అనే స్వరకర్త చిన్నపిల్లల సంగీతబోధకు ఒక పద్ధతి కట్టాడు. అందులో వాడే జైలఫోనుకు పలకలు ఊడదీసే వీలుంటుంది. ఏడింటిలో రెండు తీసేస్తే అయిదు మిగులుతాయి. వాటిమీద ఎలా కొట్టినా వికటించదు. పిల్లకు భయం పోతుంది. మన లెక్కలో మధ్యమమూ నిషాదమూ తీసేస్తే మోహనపు స్వరాలే. కాని ఏది నొక్కినా తప్పు రాని చోట పదిహేనేళ్ళవాళ్ళు ఎంతసేపు కూర్చుంటారు? నాలుగు రోజులు. అందుచేత తీసేసిన రెండు స్వరాలూ తెర అంచున కనిపిస్తూ ఉంటాయి, కావలసినవాళ్ళు తెచ్చుకుని తగిలించుకోవచ్చు. వికటించే స్వేచ్ఛ కూడా ఇవ్వాలి మరి.

ఇక గమకం సంగతి. కంప్యూటర్లూ వాద్యాలూ మాట్లాడుకోవడానికి 1983లో మిడి అనే ఒప్పందం వచ్చింది. అందులో స్వరానికి అంకె ఉంటుంది, సున్న నుంచి నూట ఇరవై ఏడు దాకా. పియానో నడిమి మెట్టు అరవై. పియానోకు ఇది హాయి. మన తోడి గాంధారాన్ని తెచ్చి ఏ అంకె మీద కూర్చోబెడతారు? అది కూర్చోదు, ఊగుతుంది. స్వరాన్ని వంచే ఏర్పాటు మిడిలో లేకపోలేదు. ఒక్కొక్క స్వరాన్ని విడిగా వంచే పద్ధతికి 2018లో ప్రమాణం కూడా ఏర్పడింది. అయినా పిల్లల కోసం చేసిన వాటిలో ఎక్కువగా కనిపించేది గళ్ళ కాగితం. అదే 2018లో గూగుల్‌వారు తెచ్చిన సాంగ్ మేకర్ చూడండి: చక్కటి రంగుల గళ్ళు, గడి నొక్కితే మోత. చిన్నపిల్లలకు ముచ్చటైన వస్తువే. కాని గడికీ గడికీ మధ్య దారి లేదు, మన పాట నడిచేదేమో ఆ దారిలోనే.

కుర్రాళ్ళు దీనితో నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నారు. అప్పుడు వాళ్ళ ముందు నేనొక పాత పుస్తకం పెట్టాను. సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని". ఇప్పుడు తమిళనాడులో ఉన్న ఎట్టయపురంలో 1904లో అచ్చయింది. అచ్చయింది తెలుగు లిపిలో, తెలుగులో! అందులో స్వరాల మీద గమకాలకు గుర్తులున్నాయి. కంపితానికి అలలాంటి గీత. జారుకు ఏటవాలు గీత. కిందినుంచి మీదికి జారితే ఒక వాలు, మీదినుంచి కిందికైతే ఇంకో వాలు. ఆ గుర్తులు చూసి ఒక కుర్రాడు తన ఫోను తెర మీద వేలు పెట్టి ఏటవాలుగా గీశాడు. తరువాత అలలా ఆడించాడు. "మాస్టారూ, ఇది వేలి గుర్తే గదా!" అన్నాడు. నిజమే. అద్దం మీద వేలు మహా సుళువుగా చేసే పనులు రెండే, జారడం, ఊగడం. నూట ఇరవయ్యేళ్ళ కిందట దీక్షితులవారు కాగితం మీద వేసిన గీతే ఇప్పుడు పిల్లలు వేలితో గీస్తారు, స్వరం అలాగే జారుతుంది. ఈ మీటలకు మాత్రం నేను పేర్లు వెతకలేదు. జారు, కంపితం. ఉన్న పేర్లే.

తాళం దగ్గర పేచీ తక్కువ. ఇలాంటి యాప్‌లు తెరవగానే నాలుగు దెబ్బల చట్రం ఎదురవుతుంది. ఆదితాళానికి పరవాలేదు. ఏడుకు ఇబ్బంది. ఏడంటే పిల్లలకు కష్టం కాదా అని వాళ్ళ అనుమానం. గురజాడవారి ముత్యాల సరం నడక మూడూ నాలుగూ కలిసి ఏడు మాత్రలే. మన పిల్లలు బడిలో తల ఊపుతూ చదివినదే. తకిట తకధిమి అని చప్పట్లు కొట్టమంటే క్లాసంతా కొట్టింది. అన్నట్టు, చెవిలో పెట్టుకునే తీగలేని యంత్రాలతో చప్పట్లు కొట్టిస్తే తాళం తప్పుతుంది. దెబ్బకూ చప్పుడుకూ మధ్య సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యమైనా మృదంగం చెయ్యి కనిపెడుతుంది. వాటిలో పదో వంతుకు పైనే ఉండడం మామూలట. మీ పిల్లవాడికి తాళజ్ఞానం లేదని తేల్చేముందు తీగ ఉన్నది తగిలించి చూడండి.

తాళం పెట్టాక మా కాలేజీలో పాతికమంది పిల్లల చేత వాడించి చూశారు. అందులో ఒక అబ్బాయి, పేరెందుకు గాని, ఏడాదిగా క్లాసులో హాజరు పలకడం తప్ప నోరు విప్పినవాడు కాడు. ఆ వయసులో మగపిల్లల గొంతు ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దిగేటప్పుడు మాట మధ్యలో చీలుతుంది, పక్కవాళ్ళు నవ్వుతారు. అంతకు ముందు బాగా పాడిన పిల్లలు కూడా ఆ రెండేళ్ళలో పాట మానేసి, తరువాత మళ్ళీ మొదలుపెట్టరు. వీడు ఆ ఏడు మాత్రల నడక తీసుకుని, ఒక్క సంచారం పెట్టి, దాని చివరి స్వరాన్ని తొమ్మిదిసార్లు మార్చాడు. తొమ్మిదిసార్లని మాకెలా తెలుసంటే, "వెనక్కి" మీట ఎన్నిసార్లు నొక్కారో యంత్రం లెక్క రాసుకుంటుంది. ఆఖరికి ఎక్కడ నిలిపాడో నేను విన్నాను. రిషభం మీద నిలిపాడు. షడ్జానికి రాకుండా అక్కడే వదిలేశాడు. "అయిపోయినట్టు లేదేమిరా?" అంటే, "అయిపోకూడదండి" అన్నాడు. ఏడాదిలో వాడు నాతో అన్న మొదటి వాక్యం అది.

ఇంత చెప్పాక, పేచీ తెగని మీట గురించి చెప్పాలి. "పూర్తిచెయ్యి" అని ఒక మీట పెట్టమని ఈ సంస్థకు డబ్బు పెడుతున్న పెద్దమనిషి కోరిక. పిల్ల రెండు ముక్కలు పెడుతుంది, మీట నొక్కుతుంది. మిగతా పల్లవి, చరణాలు, వాద్యాలు, గొంతుతో సహా యంత్రం కట్టి ఇస్తుంది. ఇలాంటి విద్య ఇప్పుడు వింత కాదు. సునో అనేది 2023 చివరనుంచీ, యూడియో అనేది 2024 నుంచీ రెండు మాటలు రాస్తే పాట చేసి పెడుతున్నవి. ఆయన వాదన కొట్టిపారేయదగింది కాదు. పిల్లలకు పొద్దున కోచింగు, సాయంత్రం కోచింగు. మధ్య దొరికేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో చెవికింపైనది ఏదీ రాకపోతే మళ్ళీ తెరవరు, అంటాడు.

యంత్రం సాయం చెయ్యకూడదని నేననను. 2019 మార్చి 21న, బాఖ్ పుట్టినరోజుకు, గూగుల్‌వారు ఒక ఆట పెట్టారు. మీరు రెండు కొలతల బాణీ రాస్తే, బాఖ్ కూర్చిన 306 కోరల్ గీతాలు చదివిన యంత్రం దానికి తక్కిన మూడు గొంతులూ సమకూర్చేది. బాణీ మీదే ఉండేది. అది పక్కవాద్యం. తంబుర, మృదంగం యంత్రమే వాయించనీ, ఎవరు వద్దన్నారు? కచేరీ చేసేవాడు తంబుర తనే మీటుకోవాలని నియమమా ఏమిటి? తరువాత ఏ స్వరం అన్నది మాత్రం పిల్ల తేల్చుకోవాలి.

మా అన్నయ్యగారి అమ్మాయి చేతికి ఈ మీట ఉన్న నమూనా ఇచ్చాం. పదోక్లాసు పిల్ల. అంతకు ముందు పదిరోజులు రోజూ రాత్రి ఒక బాణీతో కుస్తీ పట్టింది, అన్నం తింటూ బల్ల మీద తాళం వేసింది, వదినచేత చీవాట్లు తిన్నది. మీట వచ్చింది, నొక్కింది. అర నిమిషంలో పాట. బ్రహ్మాండంగా ఉంది, నేనూ విన్నాను. స్నేహితురాళ్ళకు పంపింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తరువాత మూడు వారాలు యాప్ తెరవలేదు. "ఏమ్మా, విసుగొచ్చిందా?" అంటే, "లేదు బాబాయ్, అయిపోయిందిగా" అన్నది. మంచి సమాధానమే. దాని కంఠంలో ఏ బాధా లేదు. అదే నాకు బాధ కలిగించింది.

కుర్రాళ్ళకు ఈ మాట చెప్పాను. వాళ్ళు ఆలోచించి "ఇంకోలా" అని ఒక మీట చేశారు. అది నొక్కితే యంత్రం కొత్తది తేదు. పిల్ల పెట్టిన ఆఖరి పలుకుబడినే తీసుకుని ఒక మెట్టు పైన, తలకిందులుగా, రెండింతల నెమ్మదిగా, ఇలా మూడు విధాల వినిపించి ఊరుకుంటుంది. స్వరకర్తలు తరతరాలుగా చేసే పనులే ఇవి. మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు, మూడూ బాగాలేదని తన దారిన తాను పోవచ్చు. మా అమ్మాయి మళ్ళీ తెరిచింది. ఎక్కువగా మూడోదారే పోతున్నది.

పాట కట్టగానే ఊరందరికీ పంపే మీటను ముందే తీయించాను. ఇక్కడ చట్టం ఒకటుంది: 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టం లెక్కలో పద్దెనిమిదేళ్ళు నిండనివారంతా పిల్లలే, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అనుమతి ఇవ్వండి, వినిపించమని మాత్రం వెంటపడకండి. ఆ వయసు పాట ముందుగా ఇంట్లోవాళ్ళకు వినిపించడం కోసం పుట్టదు.

డబ్బు పెట్టిన పెద్దమనిషి మాత్రం పట్టు విడవలేదు. చివరకు రాజీ కుదిరింది. ఆయన కోరిన మీట ఉంటుంది, కాని ముందు తెర మీద కాదు. నాలుగు తెరలు దాటి లోపలికి పోతే ఒక మూల ఉంటుంది. దానికీ తెలుగు పేరు నన్నే అడిగారు. "అప్పగించు" అని రాసిచ్చాను. ఆయనకు తెలుగు చదవడం రాదు గనుక, ఇంతవరకు అభ్యంతరం రాలేదు.