స్టేట్ బ్యాంకుకు పోటీ ఎవరు?

2024-25లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా నికర లాభం దాదాపు 71 వేల కోట్ల రూపాయలు. దేశంలోని బ్యాంకు డిపాజిట్లలో ఐదో వంతుకు పైగా ఆ ఒక్క బ్యాంకులోనే ఉన్నాయి. శాఖలు 22 వేలు దాటాయి. హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ ఎంత తరుముకొచ్చినా స్టేట్ బ్యాంకు స్థానం చెక్కుచెదరలేదని మార్కెట్ పండితులు మెచ్చుకుంటున్నారు. కానీ వాళ్లు చూసే పోటీ వేరు, మనం చూసే పోటీ వేరు.

ఊళ్లో స్టేట్ బ్యాంకుకు పోటీ హెచ్‌డీఎఫ్‌సీ కాదు. ఎరువుల దుకాణం, కమీషన్ వ్యాపారి, వడ్డీ వ్యాపారి. ఈ పోటీలో గెలుస్తున్నది ఎవరో జూన్ నెలలో ఏ కౌలు రైతును అడిగినా చెబుతాడు.

లెక్క చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే. అంటే లక్షకు ఏడాదికి 4 వేలు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు 24 వేలు. ఆరో వంతు ధరకు సరుకు ఇచ్చే దుకాణం ముందు జనం బారులు తీరాలి. అయినా రైతు 24 వేల గడపే ఎందుకు తొక్కుతున్నాడు? నాలుగు శాతం తలుపు అతనికి తెరుచుకోదు గనుక.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం తెచ్చారు. 2019 చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఎలాగో కార్డు తెచ్చుకుంటే, ఆ సర్వే నంబరు మీద యజమాని ముందే లోను తీసుకున్నాడని బ్యాంకు తిప్పి పంపుతుంది. సాగు చేసేది ఒకరు, చవక అప్పు అందేది మరొకరికి.

ప్రైవేటు బ్యాంకులు ఇవ్వనప్పుడు స్టేట్ బ్యాంకునే ఎందుకు నిలదీస్తారని కొందరంటారు. దాని పుట్టుకే జవాబు. 1951-52 గ్రామీణ పరపతి సర్వేలో రైతు అప్పుల్లో బ్యాంకుల వాటా నూటికి ఒక్క రూపాయి కూడా లేదని తేలింది. సింహభాగం వడ్డీ వ్యాపారులదే. ఆ పట్టు విడిపించడానికే ఇంపీరియల్ బ్యాంకును ప్రజల చేతిలోకి తెచ్చి, 1955 జూలై 1న స్టేట్ బ్యాంకుగా మార్చారు. పైగా 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ను ఇందులోనే కలిపేశారు. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇక్కడ కాదంటే అక్కడికి పోదామనుకునే రైతుకు గుమ్మాలు తగ్గాయి.

మన పోరు కౌంటర్ వెనక ఉన్న ఉద్యోగితో కాదు. చాలినంత సిబ్బందిని ఇవ్వని, లాభం ఒక్కటే కొలబద్దగా పెట్టుకున్న విధానంతో.

అందుకే మన డిమాండ్లు:

1. 2025 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు 2 లక్షల దాకా వ్యవసాయ రుణాన్ని తాకట్టు లేకుండా ఇవ్వమంది. ఆ మాట ప్రతి శాఖలో తెలుగులో బోర్డు మీద రాయాలి.

2. యజమాని పాత లోనుతో ముడిపెట్టకుండా కౌలు రైతుకు పంట రుణం ఇవ్వాలి.

3. ప్రతి శాఖ కౌలు రైతులకు ఎంత ఇచ్చిందో ఏటా ప్రకటించాలి.

4. గ్రామీణ శాఖల్లో వ్యవసాయ అధికారుల ఖాళీలు నింపాలి.

రైతు సోదర సోదరీమణులారా, ఈసారి నోటిమాటతో తిరిగి రావద్దు. దరఖాస్తు రాసి ఇచ్చి రసీదు అడగండి. లోను లేదంటే ఎందుకు లేదో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితాలన్నీ మండల కమిటీకి చేర్చండి. వాటిని జిల్లా బ్యాంకర్ల సమావేశం ముందు పరుద్దాం. వడ్డీ వ్యాపారి మీద గెలిచిన రోజునే స్టేట్ బ్యాంకును పెద్ద బ్యాంకు అందాం.