ఎవరి మీద గెలిచారు?

బాక్సర్లలో ఎవరు గొప్ప అన్న వాదన వస్తే మనవాళ్ళు ముందు స్కోరుకార్డు తీస్తారు. మేవెదర్ 50కి 50, అలీ అయిదు ఓడాడు, కాబట్టి మేవెదరే గొప్ప అంట! ఆ యాభయ్యోది 2017లో మెక్‌గ్రెగర్ మీద. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఆయనకదే మొదటి పోటీ. అలీ ఓడిన వాళ్ళలో ఫ్రేజియర్, నార్టన్ ఉన్నారు, మళ్ళీ వాళ్ళిద్దర్నీ ఓడించాడు కూడా.

మా చిత్తూరోళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సంక్రాంతికి చంద్రగిరి పక్కన రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రోళ్ళు ఎగబడతారు. ఎవురూ చెయ్యి వెయ్యని ఎద్దు పలకతో తిరిగొస్తే దానికేం పేరు? (ఆ ఆట మంచిదా కాదా అన్నది వేరే గొడవ.)

ఇప్పుడు మన నిజామాబాద్ నిఖత్ జరీన్ సంగతి. 2024 పారిస్‌లో రెండో బౌట్‌కే 0-5తో ఇంటికొచ్చేసింది, అంతే కదా అంటా ఉంటారు. ఎవరి చేతిలో? చైనా వూ యూ. 2023 ఢిల్లీ ప్రపంచ పోటీల్లో నిఖత్ 50 కిలోల్లో, వూ యూ 52 కిలోల్లో బంగారం గెలిచారు. నిఖత్‌కి సీడింగ్ లేకపోబట్టి ఇద్దరు ప్రపంచ చాంపియన్లు ప్రీక్వార్టర్స్‌లోనే తగులుకున్నారు. వూ యూ పారిస్ బంగారం తీసుకుపోయింది. వెండి టర్కీ చకిరోగ్లుకి. ఆ చకిరోగ్లుని 2022లో సోఫియాలో ఓడించింది ఎవరనుకుంటున్నారు? నిఖతే. డ్రా ఇంకోలా పడుంటే మెడల్ ఖాయమని నేననను, 5-0 అంటే 5-0నే. కానీ "రెండో బౌట్‌లో పోయింది" అన్న ముక్కలో ఇదేమీ కనపడదు.

ఢిల్లీ పోటీలకి అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలు రాలేదుగా అంటారు. నిజమే, ఆ మేరకు తగ్గించుకోండి. అయినా సెమీస్‌లో కొట్టింది రియో కాంస్యం గెలిచిన వాలెన్సియాని.

వయసు కూడా చూడాలండోయ్. 1951లో మార్సియానో ఓడించిన జో లూయీకి 37 ఏళ్ళు, పాపం. 2019 డిసెంబర్ ట్రయల్‌లో మేరీ కోమ్‌కీ 37 ఏళ్ళే, 23 ఏళ్ళ నిఖత్‌ని 9-1తో కొట్టింది! మేరీ గెలుపుల్లో నాకు ఎక్కువగా గుర్తుండేది అదే.

నిఖత్ ఖాతాలో నాకు మింగుడు పడనిది పారిస్ కాదు, హాంగ్‌జౌ. ఢిల్లీలో తను ఓడించిన థాయ్ అమ్మాయి రక్సత్ చేతిలోనే అదే ఏడాది ఆసియా క్రీడల సెమీస్‌లో 2-3తో ఓడింది. దానికి సీడింగ్ సాకు పనికిరాదు.