ముట్టుకుంటేనే కొలత అయిపోతుందా?

“మైక్రాను కొలిచే ప్రోబ్ వచ్చింది, ఇంక వెర్నియర్‌తో పనేముంది?” అన్న మాట ఈ మధ్య మన వర్క్‌షాపులో తరచు వినబడుతోంది. విద్యార్థులం చందాలు వేసుకొని కూర్చుకొన్న చిన్న సి.ఎన్.సి. యంత్రానికి టచ్ ప్రోబ్ తగిలించడం మంచిదే, కాదనను. కాని ప్రాజెక్టు రిపోర్టులో దశాంశ బిందువు తర్వాత నాలుగేసి అంకెలు వేసి, “ప్రోబ్ చెప్పింది” అనడం మాత్రం నాకు బొత్తిగా నచ్చడం లేదు.

ఈ సాధనం గడుసైనదే. 1972లో ఇంగ్లండులో రోల్స్ రాయిస్‌లో పనిచేస్తుండిన డేవిడ్ మెక్‌మర్ట్రీ, కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజను ఇంధన గొట్టాలను కొలవడానికి దీన్ని కనిపెట్టాడు. మరుసటి యేడు జాన్ డీర్‌తో కలిసి రెనిషా కంపెనీ పెట్టాడు. లోపల మూడు కడ్డీలు, ఒక్కొక్కటి రెండేసి గుండ్ల మీద స్ప్రింగు ఒత్తిడితో కూర్చుంటాయి. మొన జాబ్‌కు తగలగానే ఎక్కడో ఒక ఆనుడు వదులై కరెంటు తెగుతుంది. వెనక్కి తీస్తే కడ్డీలు మళ్లీ అదే చోట కూర్చుంటాయి.

అయితే మిత్రులారా, ప్రోబ్ పొడవును కొలవదు. “తగిలింది” అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ఎక్కడ తగిలిందో చెప్పేది యంత్రం. మన స్టెప్పర్ మోటార్లకు చూసుకోవడానికి స్కేలు లేదు. పంపిన పల్సులను లెక్కపెట్టి “ఇక్కడున్నాను” అంటుంది, అంతే! 5 మి.మీ. పిచ్ స్క్రూ, చుట్టుకు 1600 పల్సులు అంటే పల్సుకు 0.003 మి.మీ. పైచిలుకు. ఇది కాగితం మీది లెక్క. స్క్రూ పిచ్‌లో తేడా ఉండి, 100 అనుకొన్న జాబ్ 99.9 తెగిందనుకోండి. అదే స్క్రూ మీద ప్రోబ్ నడిపితే 100.000 అనే చూపిస్తుంది. తక్కువ తూగే రాయితో తూచిన బెల్లాన్ని మళ్లీ ఆ రాయితోనే సరిచూసుకొన్నట్టు!

రంధ్రం వెడల్పు తీసేటప్పుడు ఎడమకోసారి, కుడికోసారి వెళ్లాలి గదా, బాక్‌లాష్ కాస్తా కొలతలో చేరుతుంది. ఎండ సంగతి సరేసరి. కొలతలకు ప్రమాణం 20 డిగ్రీలు. మన షెడ్డులో మే నెలలో 40 ఉంటే, 100 మి.మీ. అల్యూమినియం 0.046 మి.మీ. సాగుతుంది. ఆ నాలుగో అంకె ఎవరిని ఉద్ధరించడానికి?

ప్రోబ్ దండగ అనడం లేదు. జాబ్ అంచు పట్టుకోవడానికి, మధ్య బిందువు దొరకబుచ్చుకోవడానికి, వంకర తిరిగిన సర్క్యూట్ బోర్డు ఎత్తుపల్లాలు చూసి చెక్కడానికి దాన్ని మించింది లేదు. ఒకసారి తాకి, వెనక్కి తీసి, రెండోసారి నెమ్మదిగా తాకించాలి. స్పిండిల్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడాలి. ముఖ్యంగా, కొలత తెలిసిన వస్తువు మీద ముందు పరీక్షించాలి.

ఆ తెలిసిన వస్తువు మనకు లేకపోలేదు. స్లిప్ గేజిలు మెట్రాలజీ లాబ్ బీరువాలో భద్రంగా ఉన్నాయి, ప్రాక్టికల్ పరీక్షనాడు దర్శనమిస్తాయి. పాడుచేస్తారని మాస్టార్ల భయం, అది అబద్ధమూ కాదు. అందుకే ఒక్క 50 మి.మీ. గేజి మాత్రం మాకివ్వండి. ప్రతి సోమవారం ప్రోబ్‌తో దాన్ని కొలిచి, వచ్చిన అంకె, ఆనాటి ఉష్ణోగ్రత యంత్రం పక్కన రిజిస్టరులో రాస్తాము. రిజిస్టరు ఖర్చు నాది.