బిడ్డకు టీకా సరే, తల్లి మాటేమిటి?

కొల్లేటి లంకల నుంచి ఏలూరుకో తాడేపల్లిగూడేనికో కాన్పుకొచ్చే అక్కచెల్లెళ్లకు హెపటైటిస్‌ బి పరీక్ష చేస్తారు. ఉందని తేలితే 24 గంటల్లోపు బిడ్డకు టీకా వెయ్యాలంటారు. వెయ్యాల్సిందే. మరి తల్లి కాలేయం ఎవరికీ పట్టదా అని నేనడుగుతున్నాను. బి ఉన్నవారికే సోకే డి వైరస్‌ సంగతి 1977లోనే బయటపడింది. రెండూ కలిస్తే కాలేయం మరింత త్వరగా పాడవుతుంది. బికిచ్చే మాత్రలు డిని తగ్గించవు. బి ఉన్న అందరికీ డి పరీక్ష చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. మన దగ్గర డి అరుదంటారు. వెతక్కుండానే? ఆడదానికి మాత్రం "ఎక్కడ తెచ్చుకున్నావ్‌" అన్న నింద! (కన్నతల్లి నుంచీ, ఒకరికి పొడిచిన సూది నుంచీ కూడా వస్తుందది.) మొగుడికి పరీక్ష అన్న మాటే రాదు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం బికి మందులు ఉచితంగా ఇస్తోంది. బి తేలిన నెత్తురుతోనే డి పరీక్షా ఉచితంగా చెయ్యాలి. మొగుడి నెత్తురూ చూడాలి.