పొలంగట్టు మొగలి



గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. తరువాత జమీందారీలూ పోయాయి. ఛత్రపురం, చికిటి ప్రాంతాల పొలంగట్లపై మొగలిపొదలు మాత్రం నిలిచే వున్నాయి. వాటి వేళ్లు ఇసుకను పట్టి వుంచుతాయి. ముండ్ల ఆకులు పశువులను ఆపుతాయి. మగపూలు అత్తరు బట్టీలకు పోయి రైతుకు రొక్కం తెస్తాయి. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయినా ఇళ్లస్థలాల కోసం పొదలను వేళ్లతో పెకలిస్తున్నారు. 2013 అక్టోబరులో గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ తుపానును చూచిన మనమే గట్లను బోడి చేసుకోవడం తగునా? ఉద్యోగకాలంలో నేను చూచిన విక్రయ దస్తావేజులలో కొబ్బరిచెట్లను లెక్క వ్రాసేవారు గాని మొగలికంచెను వ్రాసేవారు కారు. భూములమ్మే మన కుటుంబాలవారు, సరిహద్దు మొగలిని కొట్టరాదనే షరతును దస్తావేజులో వ్రాయించవలెనని నా మనవి.

— ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా, బరంపురం