బోరు మోటరుకు పైథాన్ సరిపోతుందా?

ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బా పెన్‌పహాడ్ రైతుకు కొత్తగా చెప్పాల్సిన వస్తువు కాదు. ఆ డబ్బాలో ప్రోగ్రామ్ రాసే పని మాత్రం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈసీఈ, ట్రిపుల్‌ఈ చదివే మీలాంటి వాళ్లది. 'పైథాన్ వచ్చు కదా, సీ ఎందుకు?' అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

సీలో రాసింది నేరుగా చిప్ భాషలోకి మారుతుంది. మైక్రోపైథాన్‌లో రాసింది ముందు బైట్‌కోడ్ అవుతుంది. చిప్‌లో ఉన్న వర్చువల్ మెషీన్ దాన్ని ఒక్కో ఆదేశంగా చదివి నడిపిస్తుంది. ఈ పద్ధతి పాతదే. 1996లో వచ్చిన జావా కార్డ్ ఇలాంటిదే, చాలా సిమ్ కార్డుల్లో నడిచేది అదే.

మధ్యవర్తి ఉంటే ఖర్చు తప్పదు. మైక్రోపైథాన్‌కు కనీసం 256 కేబీ ఫ్లాష్, 16 కేబీ ర్యామ్ కావాలి. ఆర్డుయినో ఊనోలో ర్యామ్ 2 కేబీయే కాబట్టి అందులో పట్టదు. 520 కేబీ ఉన్న ఈఎస్‌పీ32లో హాయిగా పడుతుంది.

వేగం సంగతీ చూద్దాం. వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ పనిలోకి దిగితే ప్రోగ్రామ్ కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. డ్రోన్ మోటరుకు అది ప్రమాదం. బోరు మోటరుకు ఒక ఫేజు పోయినప్పుడు ఆపడానికి మాత్రం ఆ ఆలస్యం లెక్కలోకే రాదు. (స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను మాత్రం ఎప్పుడూ తీసేయొద్దు. ప్రోగ్రామ్ ఏ భాషలో ఉన్నా సరే.)

అసలు చిక్కు వేరే ఉంది. ఆ డబ్బా నెలల తరబడి చేను గట్టున ఎవరూ చూడకుండా నడవాలి. వచ్చిన ప్రతి ఎస్ఎంఎస్‌కూ కొత్త స్ట్రింగులు పుట్టి పోతుంటే మెమరీ ముక్కలు ముక్కలవుతుంది. మొత్తంగా ఖాళీ ఉన్నా ఒక్కచోట చోటు దొరక్క ప్రోగ్రామ్ పడిపోతుంది. కాలేజీ డెమోలో పది నిమిషాలు బాగా నడిచిన ప్రాజెక్టు చేనులో మొరాయించేది ఇందుకే. మోటరు కాలితే రివైండింగ్ ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. బఫర్‌ను మొదట్లోనే కేటాయించి దాన్నే మళ్లీమళ్లీ వాడటం, ప్రోగ్రామ్ ఇరుక్కుంటే బోర్డును రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ పెట్టడం నేర్చుకోండి.

మా మాట ఇదీ: మైక్రోపైథాన్‌తోనే మొదలుపెట్టండి, ఐడియా పనిచేస్తుందో లేదో రెండు రోజుల్లో తేలుతుంది. తర్వాత అదే ప్రోగ్రామ్ సీలో రాయండి. ఎంబెడెడ్ ఇంటర్వ్యూల్లో పాయింటర్లు, ఇంటరప్టులు అడగకుండా వదలరు. ఈ సెలవుల్లో మోటరు బదులు ఎల్‌ఈడీ పెట్టి, బోర్డును పదిహేను రోజులు ఆపకుండా నడపండి. గంటకోసారి ఖాళీ మెమరీ ఎంతుందో రాసుకోండి. రెజ్యూమెతో పాటు ఆ కాగితం కూడా తీసుకెళ్లండి.