గరీబు ఒళ్ళు మీ ప్రాక్టీసు పుస్తకం కాదు

మా ఆపా కొడుకు ఎండాకాలం సెలవులకు షికాగో నుంచి వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు. డాక్టర్ కావాలని ఖ్వాయిష్. అక్కడింకా డిగ్రీ చదువుతున్నాడు, మెడికల్ కాలేజీ గడప తొక్కలేదు. తెలిసినవాళ్ళ సిఫారసుతో ఇక్కడ ఒక దవాఖానాలో నాలుగు వారాలు 'ఇంటర్న్‌షిప్' చేశాడు. ఒక రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఖుషీఖుషీగా చెప్పాడు: "మామూ, ఇవాళ కుట్లు వేశాను. చెయ్యి తెగిందని ఒక ముసలామె వచ్చింది. నాలుగు కుట్లు."

అందరూ మాషా అల్లా అన్నారు. అమ్మీ లేచి నజర్ తీసింది. నాకు ముద్ద దిగలేదు.

"నేను డాక్టర్ను కాను, ఇంకా నేర్చుకుంటున్నాను, కుట్టొచ్చా అని ఆమెను అడిగావా బేటా?"

"డాక్టర్ సాబ్ పక్కనే ఉన్నాడు మామూ. ఆమె ఏమీ అనలేదు."

ఏమీ అనలేదట! నా లడాయి ఆ మాటతోనే.

ఏమంటుంది ఆమె? తెల్లారకముందే బస్సెక్కి, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి వచ్చిన మనిషి. తెల్లకోటు వేసుకున్న ప్రతివాడూ ఆమెకు డాక్టర్ సాబే. వద్దంటే అసలు చూడకుండా పంపేస్తారేమోనని డర్. ఆమె మజ్బూరీని మీరు ఇజాజత్ అని రాసుకుంటున్నారు.

అదే ఖాందాన్‌లో ఇంకో ముచ్చట వినండి. మా భాయిజాన్ బిడ్డ ఇక్కడే ఎంబీబీఎస్ పూర్తి చేసింది. హౌస్ సర్జన్‌గా కాన్పులు చేసింది, క్యాజువాలిటీలో రాత్రులు కాసింది. అమెరికాలో రెసిడెన్సీ కోసం ఫీజు కట్టి అబ్జర్వర్‌షిప్‌కు పోయింది. మొదటిరోజే చెప్పారు: మరీజ్‌ను ముట్టుకోవద్దు, కేస్‌షీట్‌లో రాయొద్దు, మందు చెప్పొద్దు. నిలబడి చూడు, అంతే. చదివిన డాక్టర్‌కు ఆ మాట!

"కోపం రాలేదా?" అని అడిగాను. "ఎందుకు చిచ్చా? వాళ్ళ లైసెన్సు నాకు లేదు కదా. వాళ్ళ మరీజ్‌ల హిఫాజత్ వాళ్ళు చూసుకుంటున్నారు" అంది.

నిజమే. ఆ ఖాయిదా మీద నాకు షికాయత్ లేదు. నా సవాల్ ఒక్కటే. షికాగోలో నడిచే ఖాయిదా శంషాబాద్‌లో విమానం దిగగానే ఎందుకు చచ్చిపోతుంది? అక్కడ డాక్టర్‌కే లేని హఖ్ ఇక్కడ డాక్టర్ కాని పిల్లవాడికి ఎవరిచ్చారు?

ఇది మా ఇంటి ముచ్చటే అయితే రాసేవాణ్ణి కాదు. ఇదొక పెద్ద కారోబార్. టాంజానియా, ఘనా, నేపాల్, పెరూ, ఇండియా అంటూ వారాల లెక్కన ప్యాకేజీలు అమ్ముతారు. పొద్దున వార్డు, శని ఆదివారాలు సఫారీ. మీ దేశంలో చేయనివ్వని పనులు ఇక్కడ మీ చేతులతో చేయొచ్చు అన్నదే చాలా చోట్ల అసలు సరుకు. ఆ సరుకు ఎవరి ఒళ్ళో కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు.

నియత్ మంచిదే కదా అంటారు. ఉగాండాలోని జింజాలో ఏమైందో చూడండి. రెనే బాక్ అనే అమెరికన్ యువతి, వైద్య చదువు లేకుండానే, తిండిలేక చిక్కిపోయిన పిల్లల కోసం అక్కడ కేంద్రం పెట్టింది. 2010 నుంచి 2015 దాకా అందులో చేరిన 940 మంది పిల్లల్లో 105 మంది చనిపోయారు. 2019లో ఇద్దరు తల్లులు అక్కడి కోర్టుకెక్కారు. ఆమె ఆరోపణలను కాదంది. 2020లో తప్పు ఒప్పుకోకుండానే పరిహారమిచ్చి రాజీ చేసుకున్నారు. ఆ చావులన్నీ ఆమె వల్లేనని నేననను. చాలా జబ్బుతో వచ్చిన పిల్లలు వాళ్ళు. కానీ ఆమె సొంత వర్జీనియాలో అలాంటి కేంద్రం నడపనిచ్చేవాళ్ళా?

అమెరికా మెడికల్ కాలేజీల సంఘం, ఏఏఎంసీ, 2011లోనే విద్యార్థులకు మార్గదర్శకాలిచ్చింది. సొంత దేశంలో చేసే అర్హత లేని పని పరాయి దేశంలోనూ చేయొద్దని వాటి సారాంశం. అలా చేస్తే అడ్మిషన్‌కు మేలు కాదు, నష్టమే కావచ్చు. అంటే మా భాంజా గొప్పగా రాసుకుందామనుకున్న నాలుగు కుట్లు అతనికే ఎదురు తిరగొచ్చు.

ఇది కొత్త మాట కూడా కాదు. 931లో బగ్దాద్‌లో వైద్యుడి పొరపాటుకు ఒక మరీజ్ ప్రాణం పోతే, ఖలీఫా అల్ ముఖ్తదిర్ హకీములకు ఇమ్తిహాన్ పెట్టించాడు. ఆ జిమ్మేదారీ సినాన్ ఇబ్న్ సాబిత్‌కు అప్పగించాడు. పాసైనవాడే వైద్యం చేయాలి. వెయ్యేళ్ళు దాటినా ఆ ఇన్సాఫ్ మన వార్డులకు రాలేదా?

మన దోగ్లాపన్ కూడా చూసుకుందాం. ఊళ్ళో ఆర్ఎంపీ సెలైన్ పెడితే నకిలీ డాక్టర్ అని పేపర్లో ఫోటో. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జుర్మానా. ఆర్ఎంపీని నేను వెనకేసుకు రావడం లేదు. అమెరికా యాసలో మాట్లాడే పిల్లవాడు సూది పట్టుకుంటే మాత్రం సర్టిఫికెట్, షాలువా?

"స్టాఫ్ తక్కువ, ఎన్ని చేతులుంటే అంత మదద్" అని ఒక డాక్టర్ సాబ్ నాతో అన్నారు. జీ, స్టాఫ్ తక్కువే. ఆ తక్కువ స్టాఫ్‌లోనే ఒకరు మేమానుకు పని నేర్పుతూ నిలబడ్డారు కదా! ఆ నాలుగు కుట్లు రేపు ఇక్కడే డ్యూటీ చేయాల్సిన హౌస్ సర్జన్ నేర్చుకునేవి కావా?

పిల్లల్ని రావద్దని నేననను. రండి, చూడండి. నిజంగా ఖిద్మత్ చేయాలనుంటే పని బోలెడుంది. చీటీ ఏ కౌంటర్లో, రక్తపరీక్ష ఏ గదిలో, మందులు ఎక్కడ అని తెలియక ముసలివాళ్ళు అంతస్తులన్నీ తిరుగుతుంటారు. చేయి పట్టుకుని తీసుకుపోండి. వీల్‌చైర్ తోయండి. మీకొచ్చిన కాస్త ఉర్దూ, కాస్త తెలుగు ఆ పనికి చాలు. లోపల డాక్టర్ పక్కన నిలబడితే, నేను డాక్టర్ను కాను అని మరీజ్ జుబాన్‌లో చెప్పండి. వద్దంటే బయటికి రండి. ఫీజు కడితే అది ఏజెంటు జేబులోకి కాదు, ఆ దవాఖానాకే చేరేలా చూడండి.

అమెరికాలో ఉన్న అమ్మీ అబ్బాలకు, అమ్మానాన్నలకు ఒక గుజారిష్. వచ్చే సెలవుల్లో పిల్లవాణ్ణి పంపేముందు ఇక్కడి చుట్టానికి ఫోన్ చేసి "మావాడితో కాస్త పని చేయించండి" అంటారు కదా. ఆ మాట అనకండి. "వాణ్ణి మరీజ్ మీద చెయ్యి వేయనీయకండి" అనండి. ఈసారి మా ఆపాకు నేను చెప్పిందీ అదే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పర్వాలేదు.